గంగాళం కడుపు కొలత

పరుపుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కొలపాత్ర లేదు. త్రాసు ఒకటి ఉండేది గానీ, ఏళ్ళ తరబడి దాని పళ్ళెంలో ఉల్లిపాయల బుట్ట పెట్టడం వల్ల అది ఒక పక్కకి ఒరిగి, ఆ ఒరుగులోనే నిద్రపోయింది. ఎంత బియ్యం పొయ్యాలో, ఎన్ని దుంపలు కొయ్యాలో ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నది ఒక కడుపు. ఆ కడుపు వంటాయనది.

వంటాయన్ని అందరూ గంగాళం అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. చివరికి భార్యకి ఫోన్ చేసినవాళ్ళు కూడా "గంగాళం ఉన్నాడా?" అని అడిగితే, ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "స్నానం చేస్తున్నారు" అనేది.

రోజూ తొమ్మిదిన్నరకి ఆయన సామాన్ల గది గుమ్మంలో నిలబడేవాడు. గుమ్మం నిండిపోయేది. లోపల బల్బు వెలుగుతున్నా గదిలో సాయంత్రం అయినట్టుండేది. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పొట్ట మీద ఆనించి, "ఇవాళ ఎంత?" అని లోపలికి అడిగేవాడు. బావిలోకి పిలిచి జవాబు కోసం చెవి ఒగ్గినట్టు కాసేపు ఆగేవాడు. వాన పడే రోజు కడుపు కాస్త గట్టిగా పలికేది. ఎండ మండే రోజు నీరసంగా గొణిగేది.

"నాలుగు బకెట్ల బియ్యం. రెండు బుట్టల దుంపలు. ఉల్లిపాయలు అరబుట్ట."

అంతే. రెండు వందల అరవై మంది తినేవారు. ఎవరికీ తక్కువయ్యేది కాదు. మూడింటికల్లా గిన్నెలు అద్దాల్లా ఖాళీ. ఈ సంగతి ఫ్యాక్టరీ అంతా గర్వంగా చెప్పుకునేది. కొత్తగా పనిలో చేరినవాళ్ళని పరుపులు కుట్టే యంత్రాల కంటే ముందు ఆ పొట్టని చూపించడానికి తీసుకొచ్చేవారు.

ఆ పొట్టకే కత్తి పెట్టాల్సి వచ్చింది. మోకాళ్ళు మొరాయించాయి. చక్కెర జబ్బు పట్టుకుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ఇవన్నీ డాక్టరు చెప్పిన కారణాలు. భార్య చెప్పింది వేరు.

"పరుపు మీద మీ వైపు లోయ పడిందని డాక్టరు గారికి చెప్పండి. నేను ఎటు తిరిగి పడుకున్నా తెల్లారేసరికి దొర్లుకుంటూ వచ్చి మీ మీద పడుతున్నా. ముప్పై ఏళ్ళుగా లోయలో కాపురం చేస్తున్నా."

"పరుపు మార్పిస్తాలే."

"మూడు మార్చారు. ఈసారి మిమ్మల్ని మార్చమంటున్నా."

డాక్టరు కాగితం మీద ఒక సంచీ గీసి, అందులో ముప్పాతిక భాగాన్ని కలంతో కొట్టేసి చూపించాడు. మిగిలింది అరటిపండంత. గంగాళం ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు ఆడుకున్న మైదానంలో ఇళ్ళు కట్టేశాక మిగిలిన సందులా కనబడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాతే అసలు కథ. మొదట రెండు వారాలు నీళ్ళలాంటివి, పిమ్మట గుజ్జులాంటివి, ఆ పిమ్మట మెత్తనివి. పిల్లల చెంచా, పిల్లల గిన్నె. తిండి విషయాలు చెప్పే అమ్మాయి ఆస్పత్రిలో ఒక్కో వేలూ మడుస్తూ చెప్పింది.

"ప్రతి ముద్దా పాతికసార్లు నమలాలి అంకుల్. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. తీపి జోలికి పోకూడదు. కూర్చునే తినాలి. నిలబడి, గిన్నెలోంచి గరిటెతో అస్సలు తినకూడదు."

"నేను వంటవాణ్ణమ్మా. రుచి చూడాలిగా."

"చూడండి. చెంచా కొసతో."

గంగాళం జీవితంలో చెంచా కొస అనేదాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంట్లో భార్య ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. మధ్యలో ఆయన ఏదైనా మాట్లాడితే మళ్ళీ మొదటికి. ఒక్క ఉడికించిన గుడ్డు తినడానికి అరగంట పట్టేది. ఆ అరగంటలో కిటికీలోంచి ఎండ బల్ల మీదకి వచ్చి, ఉప్పు డబ్బాని దాటి, ఆయన మోచేతి దాకా నడిచేది. గుడ్డులో ఇంత మధ్యాహ్నం ఉంటుందని ఆయనకి తెలీదు.

ఇంకో వింత. కడుపు నిండిందంటే తుమ్ము వచ్చేది. ముందు ముక్కు చెమర్చి, కళ్ళు ముడుచుకుని, వెంటనే గోడలు అదిరే తుమ్ము.

"తుమ్మారు. ఆపండి."

"ఇంకో చెంచాయే ఉందే."

"చెంచా నాకివ్వండి."

ఆవిడ లాక్కునేది. ఏడు వారాల్లో ఆయన ఇరవై ఆరు కిలోలు తగ్గాడు. వేలి ఉంగరం రెండుసార్లు కూరలో దొరికింది. పరుపులో లోయ అలాగే ఉంది గానీ, అందులో ఇప్పుడు ఇద్దరికీ చోటు సరిపోతోందని ఆవిడ పక్కింటివాళ్ళతో చెప్పింది.

ఎనిమిదో వారం మొదటిరోజు గంగాళం పనిలోకి వచ్చాడు. చొక్కా భుజాల మీంచి ఆరేసినట్టు వేలాడుతోంది. గేటు దగ్గర స్ప్రింగుల మావయ్య ఎదురయ్యాడు. పరుపుల్లో స్ప్రింగులు కట్టే ఆ పెద్దమనిషికి చూసినవన్నీ పైకి అనెయ్యకపోతే తోచదు.

"ఒరే, గంగాళాన్ని తీసుకెళ్ళి గ్లాసు చేసి పంపించారురా!"

"గ్లాసులో కూడా వండుతాను మావయ్యా. నీకు మాత్రం అడుగున మాడింది వడ్డిస్తా."

తొమ్మిదిన్నర అయింది. గుమ్మంలో నిలబడ్డాడు. చుట్టూ వెలుతురు లోపలికి దూరి, ఇన్నేళ్ళకి ఆ గదికి పగలు తెలిసింది. కళ్ళు మూసుకున్నాడు. చేతులు ఆనించాడు.

"ఇవాళ ఎంత?"

కడుపు పలకలేదు. ఇంకొంచెం ఆగాడు. ఎక్కడో చాలా దూరంలో, పక్కింట్లో ఎవరో దగ్గినట్టు, ఒక చిన్న కప్పు సూప్ చాలన్న మాట వినబడింది.

ఆయన దాన్ని హెచ్చవేసుకున్నాడు. ఎంతతో హెచ్చవెయ్యాలో తెలీక, మొహమాటం కొద్దీ కాస్త ఎక్కువే అనుకుని, "రెండున్నర బకెట్లు" అన్నాడు. కూరగాయలు తరిగే కూరలక్క కత్తి ఆపి చూసింది. ఆయన కంటే రెండేళ్ళు చిన్నది, ఆయనతోపాటే చేరింది.

"రెండున్నరేనా అన్నయ్యా?"

"కడుపు చెప్పిందమ్మా."

పన్నెండున్నరకి గిన్నె అడుగు గరిటెకి తగిలింది. వరసలో ఇంకా డెబ్భైమంది ఉన్నారు. వాళ్ళ కనుబొమల మీద, చెవుల మీద స్పాంజి నూగు. మబ్బులోంచి నడిచి వచ్చినవాళ్ళలా ఖాళీ ప్లేట్లతో నిలబడ్డారు. రొట్టెముక్కలు పంచారు. అవీ చాల్లేదు. మధ్యాహ్నం కుట్టిన పరుపుల్లో నాలుగు వంకరగా వచ్చాయి. అందరూ గంగాళం వైపే చూశారు.

సూపర్‌వైజరు పిలిచింది. ఏడాది క్రితం వచ్చిన ఆవిడకి ప్రతిదానికీ ఒక కాగితం కావాలి. ఆయన సెలవులో ఉన్నప్పుడు మనిషికింతని కాగితం మీద రాసి ఆ ప్రకారమే వండించింది. ఒకరోజు కుప్పలుగా మిగిలింది, ఒకరోజు తిట్లు తిన్నది.

"చూడండి, నా కాగితం తప్పని అందరూ అన్నారు. మీరొస్తే సరిపోతుందన్నారు. ఇవాళ ఏమైంది?"

"కొత్త కడుపు మేడమ్. ఇంకా పని నేర్చుకోలేదు."

ఆవిడ నవ్వాపుకోవడానికి కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"మూడు వారాలు చూస్తాను. ఇంకోసారి జనం ఆకలితో వెనక్కి వెళ్తే, వచ్చే నెల నుంచి బయటి నుంచి డబ్బాల్లో భోజనం తెప్పిస్తారట. పైవాళ్ళ మాట. పొయ్యిలు తీసేసి ఆ గదిలో దారం పెడతారు."

దారం. గంగాళం ఆ మాటని వంటగదికి మోసుకొచ్చాడు. పొయ్యిల వైపు చూశాడు. మూడు నీలిమంటలు, మూడు పెంపుడు పక్షుల్లా తోకలు ఆడిస్తున్నాయి. వాటి చోట దారపు ఉండలు. ఏ చప్పుడూ లేకుండా, ఏ వాసనా లేకుండా.

మర్నాడు భయం కొద్దీ ఐదు బకెట్లు వండించాడు. ఎవరో చేసి పెట్టమన్నారని కస్టర్డ్ కూడా కలిపాడు. వరస మొత్తం తిని వెళ్ళింది. అన్నం కొండలా మిగిలింది. కస్టర్డ్ గిన్నెలో పసుపుపచ్చగా, చల్లగా, చెరువులో మధ్యాహ్నంలా కదలకుండా ఉంది.

ఆయన తినాలనుకోలేదు. చెయ్యే వెళ్ళింది. ఇరవై రెండేళ్ళుగా మూడింటికి ఆ చెయ్యి అలాగే వెళ్ళేది. మిగిలిందేదైనా ఉంటే నిలబడి, గరిటెతో, గోడ వైపు తిరిగి. ఐదు గరిటెలు దిగాక నమలడం గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. గుండె గబగబా తలుపు కొట్టడం మొదలెట్టింది. ఒళ్ళంతా చెమట. వంటగది మెల్లగా ఒక చుట్టు తిరిగి, ఆయన్ని పిండిబస్తాల మీదకి దించింది.

కూరలక్క పరిగెత్తుకొచ్చి గిన్నెమూతతో విసిరింది.

"తీపి తినొద్దన్నారుగా! బుద్ధుందా?"

"మిగిలిందమ్మా," అన్నాడు గంగాళం కప్పు వైపు చూస్తూ. "నా లెక్కలో ఎప్పుడూ మిగల్లేదు. నిన్న తక్కువ, ఇవాళ ఎక్కువ. ఆ కడుపుతోపాటు నా విద్యని కూడా కోసి పారేశారు."

మూత ఆగింది. కూరలక్క పక్క బస్తా మీద కూలబడింది.

"ఒక మాట చెప్తా, ఏమీ అనుకోవుగా?"

"పడుకుని ఉన్నాను, ఏం అనుకోగలను?"

"నీ లెక్క ఒక్కరోజు కూడా సరిపోలేదు అన్నయ్యా. ఒకరోజు ఐదు ప్లేట్లు మిగిలేవి, ఒకరోజు పది. రోజూ మిగిలేవి. రోజూ నువ్వే తినేవాడివి. గోడ వైపు తిరిగి. గిన్నెలు ఖాళీ అయ్యేది నీ లెక్క వల్ల కాదు, నీ వల్ల."

గంగాళం లేచి కూర్చున్నాడు. గుండె కొట్టుకోవడం ఒక్క క్షణం ఆగి తానూ విన్నట్టు అనిపించింది.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"గిన్నెలు కడిగేది నేను. నువ్వు నాకేసినంత శుభ్రంగా ఇచ్చేవాడివి. ఎందుకు చెప్తా?"

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన గుడ్డు ముందు కూర్చుని నమలకుండా చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటి, గుడ్డు ఏమైనా చెప్తోందా?" అంది భార్య.

జరిగింది చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాడు. పోలేదు.

"నాకు తెలుసు. ఇంటికొచ్చి ఆకలి లేదనేవారు, నాలుగు చపాతీలతో లేచిపోయేవారు. ఆ ఒంటికి నాలుగు ఏ మూలకి? ఎక్కడో తినొచ్చినట్టే."

"అంటే నేను వంటవాణ్ణి కాదా?"

"వంట బ్రహ్మాండం. లెక్కే బడాయి." గొంతు తగ్గించింది. "అయినా నలుగురికి తక్కువ కాకూడదని కాస్త ఎక్కువ వండడం తప్పేం కాదు. దాన్ని దాచుకోవడానికి మనిషిని గిడ్డంగి చెయ్యడం తప్పు. తినండి. ఒకటి..."

మర్నాటి నుంచి ఆయన భోజనం హాల్లోకి మారింది. అది తెలివితో చేసిన పని కాదు. కూర్చుని తినాలని ఆస్పత్రి అమ్మాయి చెప్పింది, వంటగదిలో కుర్చీ లేదు. కూరలక్క వడ్డిస్తుంటే, చిన్నగిన్నె, పిల్లల చెంచాతో మూల బల్ల దగ్గర కూర్చునేవాడు. గిన్నె మీద కుందేలు బొమ్మ ఉండేది. స్ప్రింగుల మావయ్య ఎదురుగా చేరేవాడు.

"కుందేలుకి కూడా పెడతావా, నువ్వొక్కడివే తింటావా?"

"మాట్లాడించకు మావయ్యా, లెక్క పోతుంది. పన్నెండు, పదమూడు..."

నోరు నమలడంలో ఉంటే కళ్ళకి పని లేకుండా పోయింది. అవి హాలంతా తిరిగాయి. తాను వండింది జనం ఎలా తింటారో గంగాళం ఎప్పుడూ చూడలేదు. గరిటె అవతల ప్లేట్లే చూశాడు, మొహాలు కాదు. ఇప్పుడు చూశాడు. లారీకి పరుపులెక్కించేవాళ్ళు వంచిన తల ఎత్తరు. కుట్టుమిషను దగ్గరమ్మాయి నాలుగు రోజులుగా అన్నం పక్కకి నెట్టి దుంపలే తింటోంది, మొహంలో ఏదో కొత్త వెలుగు. అద్దాల గదిలో కూర్చునేవాళ్ళు సగం వదిలేస్తారు. ఒకరోజు హాలంతా ప్లేట్లు కెలికి లేచిపోయింది. ఉప్పెక్కువైందేమోనని ఆయన గాబరాపడ్డాడు.

"జిగురు కాచారుగా," అన్నాడు మావయ్య ముక్కు చిట్లించి. "పరుపుల పొరలంటించే జిగురు. ఆ వాసనకి ఆకలి చచ్చిపోతుంది. కాచిన రోజు ఎవడు తింటాడు?"

"ఇన్నేళ్ళూ అంతేనా?"

"ఇన్నేళ్ళూ అంతే. నీ కడుపు చెప్పలేదా?"

ఆ కడుపుకి జిగురు వాసన సోకేదే కాదు. ఫ్యాక్టరీకి ఆ చివర జిగురు, ఈ చివర వంటగది.

అప్పట్నించి తొమ్మిదిన్నరకి గంగాళం గుమ్మంలో నిలబడటం మానేశాడు. నడుస్తాడు. తగ్గిన మోకాళ్ళ నొప్పితో, వదులు చొక్కాలో గాలి తిరుగుతుంటే, ఒక్కో విభాగంలోకీ తల పెడతాడు. "ఇవాళ జిగురుందా? లారీలెన్ని? అమ్మాయ్, వాంతులు తగ్గాయా?" అలా మంది ఆకలిని ఒక్కొక్కరి దగ్గరా పోగుచేసుకుని, వానలో తడిసిన బట్టల్లా చేతుల మీద వేసుకొచ్చి, కూరలక్కకి చెబుతాడు. మిగిలింది ఎంతో ఆవిడ సుద్దముక్కతో వంటగది గోడ మీద రాస్తుంది. అదే గోడ. ఒకప్పుడు ఆయన దాని వైపు తిరిగి తిన్న గోడ. మొదట పదిహేను ప్లేట్లు. తర్వాత పదకొండు. ఒకరోజు మూడు. తక్కువ మాత్రం కాలేదు. మిగిలింది వాచ్‌మేన్లకి పెట్టేది ఆవిడ, పైకి చెప్పకుండా.

మూడో వారం చివరి రోజు వాన పట్టుకుంది. జిగురు లేదు, లారీలు ఐదు. మూడున్నర బకెట్లు చాలనిపించింది. నాలుగు పొయ్యమన్నాడు. సూపర్‌వైజరు కాగితం పట్టుకుని గరిటె పక్కనే నిలబడింది. వరస కదిలింది. తడిసిన బూట్లు, ఆవిరి, ప్లేట్ల చప్పుడు. రెండు వందల నలభై, రెండు వందల యాభై. చివరగా స్ప్రింగుల మావయ్య వచ్చాడు, కావాలనే చివర నిలబడ్డాడు.

"ఉందా, అడుగు మాడింది నాకేనా?"

ఉంది. ఆయనకి వడ్డించాక కూడా గిన్నె అడుగున తెల్లగా, వెచ్చగా మిగిలింది. ఎనిమిది ప్లేట్లుంటుంది.

"తక్కువ కాలేదు," అంది సూపర్‌వైజరు గిన్నెలోకి వంగి. "అందరూ చెప్పింది నిజమే. మీ లెక్క మీ లెక్కే. ఇంకో పావుగంటలో ఇది కూడా ఖాళీ అయిపోతుందటగా?"

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. పొయ్యిలు దక్కేవి, పేరూ దక్కేది. కూరలక్క తల వంచుకుని లేని ఉల్లిపాయ తరుగుతోంది. గంగాళం గరిటె కింద పెట్టాడు.

"ఖాళీ కాదు మేడమ్. ఎప్పుడూ మిగిలేదే. ఇరవై రెండేళ్ళూ మిగిలింది నేనే తినేవాణ్ణి. అందుకే ఖాళీ. ఇప్పుడు తినలేను కాబట్టి కనబడుతోంది."

దగ్గరి బల్లల దగ్గర చెంచాలు ఆగాయి. వాన రేకుల మీద ఒక్కటే మాట్లాడుతోంది. మావయ్య ప్లేటు పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అంటే... మేమంతా ఇంకో ముద్ద అడగలేక లేచిపోయిన రోజుల్లో, మా రెండో వడ్డన నీ పొట్టలో కూర్చుందా బాబూ?"

"అవును మావయ్యా."

"ఆ పొట్టంతా మాదేనన్నమాట! మమ్మల్ని అడక్కుండా ఎలా కోయించావురా?"

హాలు బద్దలైంది. లారీవాళ్ళు బల్లలు చరిచారు. నవ్వులో నవ్వుగా గంగాళం గరిటె తీసుకుని గిన్నె అంచు మీద ఠంగున కొట్టాడు. ఇరవై రెండేళ్ళలో అనని మాట అన్నాడు.

"ఇంకాస్త కావాల్సినవాళ్ళు రండి!"

ఆ మాట వినే అలవాటు వాళ్ళకి లేదు. ముందు లారీవాళ్ళలో ఒకడు, కుట్టుమిషనమ్మాయి, ఆ వెనక ఇంకా కొందరు లేచారు. చేతిలో కాగితాన్ని మడిచి, కూరలక్క దగ్గర ఓ ప్లేటు తీసుకుని, సూపర్‌వైజరు కూడా వాళ్ళ వెనక నిలబడింది.

"మేడమ్, పొయ్యిలు..." అన్నాడు గంగాళం గరిటె పైకెత్తి.

"దారానికి వేరే గది చూస్తాం. మీరు పొద్దున్నే తిరిగి అడిగేవన్నీ రేపు నాకు చెప్పండి, రాసుకుంటా. జిగురుతో సహా. ముందు వడ్డించండి, ఆకలేస్తోంది."

ఎనిమిదిమందికి పెట్టాక గిన్నె నిజంగానే ఖాళీ అయింది. అప్పుడు గంగాళం తన కుందేలు గిన్నె తీసుకుని మూల బల్ల దగ్గరికెళ్ళాడు. మొదటి చెంచా పెట్టుకుంటుంటే లోపల ఏదో కదిలింది. పాత ఆకలి కాదది, పాతది తలుపులు తోసుకొచ్చేది. ఇది చిన్నపిల్ల చొక్కా అంచు పట్టుకుని లాగినట్టుంది. ఆయన దాన్ని భయపెట్టకుండా మెల్లగా నమిలాడు. పాతిక. ఇంకో చెంచా. పాతిక. నాలుగో చెంచాకి ముక్కు చెమర్చింది, కళ్ళు ముడుచుకున్నాయి, రేకుల మీద వాన కూడా ఉలిక్కిపడేట్టు తుమ్మాడు.

తుమ్మాడంటే తినడం ఆపించమని ఆయన భార్య ఫోన్లో కూరలక్కకి ఎప్పుడో చెప్పి ఉంచింది. కూరలక్క అందరికీ చెప్పేసింది.

"ఆపు గంగాళం!" హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన చెంచా కింద పెట్టాడు. గిన్నెలో కుందేలు చెవుల దగ్గర ఇంకా రెండు చెంచాలుంది. స్ప్రింగుల మావయ్య తన ప్లేటు ఎప్పుడో తుడిచేసి, దాని వైపే చూస్తున్నాడు.

"అది మిగిలినట్టేనా?"

గంగాళం గిన్నెని ఆయన వైపు జరిపాడు.

"కూర్చుని తిను మావయ్యా. నమిలి తిను. నేను లెక్కపెడతా."